ఆ ఏడాది మీ ఊరు ఏ సర్కారుది?

భద్రాచలం చుట్టుపక్కల చిన్నపిల్లాడికైనా తెలిసిన పాత కేసు ఒకటుంది. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో రాముడికి గుడి కట్టించాడన్న అభియోగం, గోల్కొండ కోటలో ఖైదు. నిందితుడిది నేలకొండపల్లి, కొలువు తానీషాది, కాలం పదిహేడో శతాబ్దం. ఫిర్యాదు ఎవరిది, లెక్కల్లో తేలిందెంత అని ఆరా తీస్తే మనకు దొరికేవి కీర్తనలూ కథలూనే. అది రామదాసుగా మనమెరిగిన గోపన్న కేసు కాబట్టి చెల్లింది. తాత మీద పెట్టిన పోడు కేసు నకలో, తండ్రి నాటి భూమి తగాదా తీర్పో కావలసిన మనిషికి కథలతో పని జరగదు. కాగితం కావాలి. అది ఏ బీరువాలో ఉందో తేలాలంటే ముందు ఒక సంగతి తెలియాలి: ఆ ఏడాది ఆ ఊరు ఏ సర్కారు కింద ఉంది?

ఈ ప్రశ్న మైదానం జిల్లాల్లో ఎవరికీ రాదు. ఇక్కడ తప్పదు. గోదావరి ఎడమ గట్టున ఉన్న భద్రాచలం, రేకపల్లి ప్రాంతం 1860 దాకా నిజాం రాజ్యంలోది. ఆ ఏడు ఇంగ్లీషువాళ్లకు దఖలుపడి సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని ఎగువ గోదావరి జిల్లాలో చేరింది. జిల్లా కచేరీ సిరొంచలో ఉండేది. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాకు మారింది. మద్రాసు దొరలు రాగానే పోడు మీద పన్ను పెంచి, అడవిలో ఆంక్షలు బిగించారు. అయిదేళ్లకే, 1879లో, రంప తిరుగుబాటు రేకపల్లికీ పాకింది. ఇక్కడ ముందు నిలిచినవాడు అంబుల్ రెడ్డి. ఆ కాలపు పోలీసు నివేదికలు, మద్రాసు ప్రభుత్వ జ్యుడీషియల్ ప్రొసీడింగ్స్ చూడాలనుకున్నవాడు ఖమ్మంలో తిరిగి లాభం లేదు, చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు రైలెక్కాలి.

ఏరు దాటితే కథ వేరు. బూర్గంపాడు, పాల్వంచ వైపు 1948 దాకా నిజాం పోలీసు, నిజాం అదాలత్. కాగితాలు ఉర్దూలో ఉంటాయి, తేదీలు ఫసలీలో పడతాయి. ఫసలీకి 590 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం దగ్గరికి వస్తుంది. అయితే హైదరాబాద్ ఫసలీ ఏడాది అక్టోబరులో అజూర్ నెలతో మొదలవుతుంది, మద్రాసు ఫసలీ జులైలో. ఈ తేడా పట్టించుకోకపోతే వెతికే రిజిస్టరే ఒక ఏడాది పక్కకు జరిగిపోతుంది. నిజాం సర్కారు పాత దస్తావేజులకు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ మొదటి చోటు. ఉర్దూ చదివే మనిషిని వెంటబెట్టుకోవడం మేలు.

హైకోర్టు సంగతి మరీ తమాషా. 1950లో భద్రాచలం వైపు కేసు హైకోర్టు దాకా వెళ్తే అది మద్రాసు. 1955లో అయితే గుంటూరు, ఎందుకంటే ఆంధ్ర హైకోర్టు 1954 జులైలో అక్కడ మొదలైంది. 1956 చివరి నుంచి హైదరాబాద్. అదే రోజుల్లో ఎదురుగట్టు బూర్గంపాడు మనిషికి మొదటినుంచీ హైదరాబాదే. పడవలో దాటేంత దూరంలో ఉన్న రెండూళ్లకు రెండు హైకోర్టులు. 1959లో భద్రాచలం డివిజన్‌ను తూర్పు గోదావరి నుంచి విడదీసి ఖమ్మంలో కలిపాకే రెండు గట్లూ ఒక కలెక్టరు కిందికి వచ్చాయి.

కోర్టు అనగానే నల్లకోటు, జడ్జి గుర్తొస్తారు కదా. ఏజెన్సీలో చాలాకాలం సివిల్ తగాదాలు విన్నది రెవెన్యూ అధికారులే. ఎడమ గట్టున 1924 నాటి ఏజెన్సీ రూల్స్ ప్రకారం కలెక్టరే ప్రభుత్వ ఏజెంటు, అప్పీలు వినేవాడూ ఆయనే. కాబట్టి పాత సివిల్ దావా ఫైలు కోసం మున్సిఫ్ కోర్టు రికార్డు రూములో అడిగితే లేదనే అంటారు. అబద్ధం కాదు, అది అక్కడికి రానేలేదు. రెవెన్యూ డివిజన్ కచేరీలోనో కలెక్టరేట్‌లోనో అడగాలి. భూమి బదలాయింపు కేసులూ అంతే. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో ఒకటో రెగ్యులేషన్ వచ్చింది, 1963లో తెలంగాణ ప్రాంతానికి వర్తించింది, 1970 సవరణతో గట్టిపడింది. జనం నోట్లో అది 'వన్ ఆఫ్ సెవెంటీ'. ఈ ల్యాండ్ ట్రాన్స్‌ఫర్ రెగ్యులేషన్ (ఎల్‌టీఆర్) కేసులు విన్నది స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టు. ఆ తీర్పు నకలుకు అక్కడే దరఖాస్తు.

ఇక నిజమైన కోర్టు. క్రిమినల్ కేసు వెతకాలంటే స్టేషన్ పేరు, క్రైం నంబరు, సంవత్సరం చేతిలో ఉండాలి. ఆ మూడింటినిబట్టి కోర్టులో సీసీ (క్యాలెండర్ కేసు) నంబరో, పెద్ద నేరమైతే ఎస్సీ (సెషన్స్ కేసు) నంబరో దొరుకుతుంది. తర్వాత కాపీ అప్లికేషన్ పెట్టాలి. స్టాంపులు ఎన్ని కావాలో లెక్కగట్టి నోటీసు బోర్డులో వేస్తారు. గడువులోగా అవి దాఖలు చేయకపోతే దరఖాస్తు కొట్టేస్తారు. చాలామంది నష్టపోయేది ఇక్కడే. ఊరు నుంచి రానూపోనూ బస్సు దొరికేసరికి బోర్డు మీద కాగితం మారిపోతుంది. కేసుతో సంబంధం లేనివాళ్లు, అంటే మనవళ్లో పరిశోధకులో, ఎందుకు కావాలో అఫిడవిట్ రాసి కోర్టు అనుమతి తీసుకోవాలి. సమాచార హక్కు దరఖాస్తుతో కోర్టు నకళ్లు రావు. కోర్టు సొంత నిబంధనలున్నచోట వాటి ప్రకారమే అడగాలని సుప్రీంకోర్టు 2020 మార్చిలో గుజరాత్ హైకోర్టు కేసులో తేల్చింది.

పోలీసు కాగితాలకు మాత్రం ఆ హక్కు పనికొస్తుంది. దర్యాప్తు దెబ్బతింటుందన్న సాకు సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(హెచ్) కింద తరచూ ఎదురవుతుంది. కానీ అదే సెక్షన్‌లో మూడో సబ్‌సెక్షన్ ఉంది: ఇరవై ఏళ్లు దాటిన సంగతికి కొన్ని మినహాయింపులు తప్ప సమాచారం ఇచ్చి తీరాలి. దరఖాస్తులో ఆ మాట రాయడం మరిచిపోకూడదు. ఎఫ్‌ఐఆర్ అయితే ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది, సిగ్నల్ అందని చోట్లకు 72 గంటల దాకా వెసులుబాటు ఇచ్చింది. తీవ్రవాదం, లైంగిక నేరాల వంటి కేసులకు మినహాయింపు ఉంది. చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో ఆ మినహాయింపు ఎంత బరువైనదో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు నిందితుడి తరఫువాళ్లు ఎస్పీకి రాసి అడగవచ్చు. దర్యాప్తు అధికారి రాసుకునే సీడీ (కేసు డైరీ) ఫైలు మాత్రం నిందితుడు అడిగినా ఇవ్వరు.

ఇంత తంటా ఎందుకంటే, అటవీ హక్కుల చట్టం వచ్చాక పాత కేసు విలువ తిరగబడింది. 2005 డిసెంబరు 13కు ముందే సాగులో ఉన్నట్టు చూపాలి. నిబంధనల ప్రకారం కోర్టు ఉత్తర్వులు, తీర్పులు కూడా రుజువులే. అడవి నరికి పోడు కొట్టాడని 1990లలో ఒక కోయ రైతుకు జరిమానా వేసిన తీర్పు, ఆ చెలక అప్పటికే అతని చేతిలో ఉందని సర్కారే రాసిచ్చిన సాక్ష్యమైంది. జరిమానా రసీదు దాచుకున్న ఇల్లు అదృష్టవంతుల ఇల్లు.

కొత్త సరిహద్దులు వచ్చాక వెతుకులాట మళ్లీ మొదలైంది. 2014లో కూనవరం, చింతూరు, వీఆర్‌పురం, కుక్కునూరు, వేలేరుపాడు ఆంధ్రకు పోయాయి. భద్రాచలం మండలంలో పట్టణం ఒక్కటీ ఇటు మిగిలి, ఎటపాక అటు చేరింది. రాముడు తెలంగాణలో, పురుషోత్తపట్నంలో ఆయన మాన్యం ఆంధ్రలో. ఆ భూమి మీద గొడవైతే గుడి అధికారులు ఆంధ్ర పోలీసు దగ్గరికే వెళ్లాలి. ఇటువైపు 2016లో కొత్తగూడెం జిల్లా అయింది, జిల్లా కోర్టు 2022 జూన్‌లో వచ్చింది. అంతకుముందు నాటి సెషన్స్ తీర్పుకు ఖమ్మంలో కూడా వాకబు చేయాలి.

డబ్బు లేదని ఆగిపోనక్కర్లేదు. ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది, మండల న్యాయ సేవా కమిటీ వకీలే కాపీ అప్లికేషన్ వేసిపెడతారు. ఫోను చేయాలంటే 15100. కొన్ని పాత ఫైళ్లు గడువు తీరాక చట్టప్రకారమే తగలబెట్టి ఉంటారు. ఆ మాట గుమాస్తా నోటితో చెబితే ఊరుకోకండి, రికార్డు నాశనమైందని ఎండార్స్‌మెంట్ రాయించుకోండి. అసలు ప్రతి లేదని రుజువైతేనే ఇంట్లో ఉన్న జిరాక్సునో, పాత నకలునో సాక్ష్యంగా తీసుకోమని కోర్టును అడగగలరు.