పేనుకు పెత్తన మిచ్చిన దెవరు?

చరిత్ర యనగా రాజుల కథ యని తలచువారికి పేను చరిత్ర యనిన నవ్వు వచ్చును. కాని కత్తికి లొంగని సేనలు జ్వరమునకు లొంగిన సందర్భములు పెక్కు గలవు. ఆ జ్వరములలో కొన్నిటిని మోసినది పేను. “పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిం”దని మనవారి సామెత. ఆ పెత్తనము దానికిచ్చిన దెవరో విచారింపవలెను. పెద్దపల్లి ప్రాంతమున పిల్లలకు చదువు చెప్పు మాకు ఈ విచారణ వట్టి వినోదము కాదు.

మన పూర్వులు పేను నెఱుగుదురు. సంస్కృతమున యూక యనగా పేను, లిక్ష యనగా ఈపి. కౌటిల్యుని యర్థశాస్త్రమున ఎనిమిది లిక్షలు ఒక యూక, ఎనిమిది యూకలు ఒక యవ, ఎనిమిది యవలు ఒక అంగుళము. పేను కొలతలలో చేరునంతగా జనులకు పరిచితమై యుండెను. చరకసంహిత విమానస్థానమున దీని వర్ణన మింకను నిశితమైనది. ఇది నువ్వుగింజవలె చిన్నది, పెక్కు కాళ్లు గలది, నల్లగనో తెల్లగనో యుండును. వెండ్రుకలు, గడ్డము, కనుఱెప్పలు, వస్త్రములు దీని నెలవులు. శుభ్రత లేమి దీనికి కారణము. దురద, దద్దుర్లు, పొక్కులు దీని ఫలము. ఏరివేయుట, మలమును పోగొట్టుట దీనికి చికిత్స. ఇందులో వస్త్రములను పేర్కొనుట మెచ్చదగినది. మలమునుండి పేను పుట్టునను మాటను మాత్రము నేటి శాస్త్ర మంగీకరింపదు. పేను పేనునుండియే పుట్టును. ఈపి పెట్టిన ఏడు మొదలు పది దినములలో పిల్ల వెలువడును.

వస్త్రముల మాట యెందుకు ముఖ్యమో చెప్పెదము. మనుష్యుని దేహము నాశ్రయించు పేలలో తలపేను వేఱు, చీరపేను వేఱు. చీర యనగా పూర్వము బట్ట యనియే యర్థము. తలపేను వెండ్రుకలను విడువదు. చీరపేను బట్టల కుట్లలో గ్రుడ్లు పెట్టి అక్కడనే కాపురముండి, ఆకలి వేసినపుడు మాత్రము ఒంటిమీదికి వచ్చి నెత్తురు త్రాగి పోవును. 2003లో జర్మనీలోని లైప్జిగ్ పరిశోధకులు వీని జన్యువులను పోల్చి, చీరపేను సుమారు 72,000 ఏండ్ల క్రింద వేఱుపడినదనిరి. 2011 నాటి పరిశోధన ఆ కాలము నింకను వెనుకకు జరిపినది. మనుష్యుడు బట్ట కట్ట నేర్చిన కాలమును పేను తన వంశములో వ్రాసి యుంచుకొన్నదన్న మాట.

ఇక జ్వరముల మాట. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును ధాత కరువు పట్టి పీడించెను. ఆకలిగొన్నవారు ఊళ్లు విడిచి నగరములలో క్రిక్కిఱిసిరి. 1877లో బొంబాయిలో వాండైక్ కార్టరు అను వైద్యుడు, విడిచి విడిచి మరల వచ్చు జ్వరముతో బాధపడువారి నెత్తుటిలో మరమేకువలె మెలి తిరిగిన సూక్ష్మజీవులను చూచెను. బెర్లినులో ఒబర్మైయరు వానిని అంతకు ముందే కనుగొని యుండెను. జీవి తెలిసినది గాని దానిని మోయు వాహన మేదో తెలియలేదు. 1897లో మన సికింద్రాబాదులో రోనాల్డు రాసు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న పిదప, పురుగులపై వైద్యుల దృష్టి మఱలెను.

పదియేండ్లకు, 1907లో, మన మంథనిని ఒరసి పాఱు గోదావరి యెగువ తీరమున నున్న నాసికులో మెకీ అను వైద్యుడు ఆ చిక్కు విప్పెను. అక్కడి మిషను నివాసమున బాలురకే ఈ జ్వర మెక్కువగా వచ్చెను, బాలికలకు తక్కువ. బాలుర దేహములపై చీరపే లెక్కువ, బాలికలపై తక్కువ. పేల కడుపులో ఆ మెలిజీవులు వృద్ధి యగుటయు ఆయన చూచెను. 1909లో ట్యూనిసు నగరమున చార్లెసు నికోలు టైఫసు జ్వరమును మోయునదియు చీరపేనే యని నిరూపించెను. రోగి ఆసుపత్రి గుమ్మమున స్నానము చేసి మాసిన బట్టలు విడిచిన పిదప అతనినుండి జ్వర మితరులకు ప్రాకకుండుటయే ఆయనకు దారి చూపెను. 1928లో ఆయనకు నోబెలు బహుమాన మిచ్చిరి. ఈ జ్వరమును శోధించుచు 1910లో రికెట్సు, 1915లో ప్రొవాజెకు అదే జ్వరమున ప్రాణములు విడిచిరి. టైఫసు క్రిమికి వా రిరువురి పేళ్లు కలిపి పెట్టిరి. మొదటి మహాయుద్ధము వెనువెంటనే రష్యాలో టైఫసున చచ్చినవారు 30 లక్షల వఱకు నుందురని యంచనా.

జ్వరము వచ్చిన యొడలు వేడెక్కగనే చీరపేను దానిని వదలి ప్రక్కవానిని చేరును. ఇరుకున పండుకొనువారికి, మార్చుకొన రెండవ బట్ట లేనివారికి ఇది మృత్యువు. కరువు, చెఱసాల, కాందిశీకుల గుడారము, సేనల కందకము: పేను పెత్తనము చేసిన తావులు ఇవియే.

ఇప్పుడు మన బడులకు వత్తము. ఆడపిల్ల జడలో పేను కనబడినచో ఆమెను వేఱుగ కూర్చుండబెట్టుట, నలుగురిలో నవ్వుట, గుండు చేయించుట మేమెఱిగినదే. పేద పిల్లయైన “వాళ్లింటి శుభ్రత అంతే” యను మాట కూడ తోడగును. తలపేను ఎగురదు, దుముకదు. తలకు తల తగిలిన ప్రాకును. రోజు తలంటుకొను పిల్లకును పట్టును. దానివలన దురద, గోకిన పుండ్లు, నిద్రలేమి కలుగును. కాని పై జ్వరములను వ్యాపింపజేసినది తలపేను కాదు. అపాయము తక్కువదానికి అవమాన మెక్కువ చేసితిమి. ప్రాణములు దీసినది ఒంటి బట్టతో గడుపువాని బట్టలోని పేను, దానిని తలచినవారు తక్కువ.

ఈ సిగ్గే పెను కీడునకు దారి తీయును. నలుగురికి తెలియకుండ వదిలించుకొనవలెనని గ్యాసునూనె రాచువారు గలరు. అది నిప్పంటుకొన్న ప్రాణము దీయును. పత్తిచేనికి చల్లు మందు తలకు పూసిన, చర్మముగుండ నెత్తుటికెక్కి పిల్లను చంపగలదు. తడి తలకు నూనె రాచి పేల దువ్వెనతో రెండు మూడు దినముల కొకసారి, రెండు వారముల పాటు ఓపికతో దువ్వుటయు, వైద్యుడు చెప్పిన పెర్మెత్రిన్ వంటి మందును వారము పది దినములకు రెండవసారి రాచుటయు, ఇంటిల్లిపాదిని ఒకే దినమున చూచుటయు మంచి మార్గము.

పేనుకు పెత్తనమిచ్చినది బీదతనము, ఇరుకు, నీటి యెద్దడి. వీనిని తొలగించుట రాజ్యము పని, సంఘము పని. పిల్లను సిగ్గుపఱచకుండుట మాత్రము ఉపాధ్యాయుడు నేడే చేయదగిన పని. ఆ పిల్లను బడినుండి ఇంటికి పంపక, చేతికి దువ్వెన నిచ్చి తన వరుసలోనే కూర్చుండబెట్టుదము.