డ్రైవింగ్ కోసం పుట్టిన మెదడు ఆట

కంటి డాక్టరు దగ్గర అక్షరాల పట్టిక చివరి వరుస దాకా తడుముకోకుండా చదివేస్తారు. కారెక్కాక మాత్రం పక్కనుంచి దూసుకొచ్చే బండిని గమనించరు. వయసు మళ్లిన డ్రైవర్ల విషయంలో 1980లలో అమెరికా పరిశోధకులకు ఎదురైన చిక్కుముడి ఇది.

మనస్తత్వ శాస్త్రవేత్తలు కార్లీన్ బాల్, డేనియల్ రోంకర్ దీనికి జవాబు కంట్లో కాక మెదడులో వెతికారు. తల, కళ్లు కదపకుండా ఒక్క చూపులో మనిషి ఎంత మేర పసిగట్టగలడో కొలిచే పరీక్షకు రూపమిచ్చారు. వయసుతో పాటు ఆ మేర కుంచించుకుపోతుందనీ, సాధన చేస్తే మళ్లీ పెరుగుతుందనీ తేలింది. అలా పరీక్షే కసరత్తు అయింది.

నేడు ఫోన్లలో ఉన్న రూపం ఇలా ఉంటుంది: తెర మధ్యలో కారో, లారీయో తళుక్కుమని మాయమవుతుంది. అదే క్షణంలో అంచున ఎక్కడో ఒక రోడ్డు గుర్తు మెరుస్తుంది. మధ్యలో వచ్చిన బండి ఏది, గుర్తు ఏ పక్కన కనబడింది? రెండూ చెప్పాలి. సరిగ్గా చెప్పేకొద్దీ బొమ్మ నిలిచే సమయం రెప్పపాటు కన్నా తగ్గిపోతుంది.

ఆ కసరత్తుకు అసలు పరీక్ష 1998లో మొదలైంది. 'యాక్టివ్' అధ్యయనంలో 65 ఏళ్లు, ఆపైబడిన 2,800 మందికి పైగా చేరారు. ఒక జట్టుకు జ్ఞాపకశక్తి మెళకువలు, మరో జట్టుకు తర్కం, మూడోదానికి ఈ కసరత్తు, అంటే వేగసాధన నేర్పారు. నాలుగో జట్టుకు ఏమీ నేర్పలేదు. గంటకు పైగా సాగే తరగతులు పది. 2002లో వచ్చిన ఫలితం నిరాడంబరమే: ఎవరు ఏది నేర్చుకుంటే వారికి అదే మెరుగుపడింది.

పదేళ్ల లెక్కలు 2017లో వెలువడ్డాయి. ఏమీ నేర్వని జట్టుతో పోలిస్తే వేగసాధన చేసినవారిలో డిమెన్షియా ముప్పు 29 శాతం తక్కువ. జ్ఞాపకశక్తి, తర్కం జట్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే ఇక్కడ డిమెన్షియాను డాక్టర్లు నేరుగా పరీక్షించి నిర్ధారించలేదన్న విమర్శ ఉంది.

ఈలోగా ఆ కసరత్తు పాజిట్ సైన్స్ సంస్థ చేతికి చేరి, బ్రెయిన్‌హెచ్‌క్యూ యాప్‌లో 'డబుల్ డెసిషన్' అయింది. యాప్‌ల అంగడి పెరిగి, గొప్పలూ పెరిగాయి. మతిమరుపును ఆపుతామన్న ప్రకటనలకు ఆధారాలు చూపలేక లుమోసిటీ అనే మెదడు ఆటల యాప్ సంస్థ 2016లో 20 లక్షల డాలర్లు చెల్లించుకుంది.

మళ్లీ 'యాక్టివ్' అధ్యయనానికి వస్తే, జ్ఞాపకశక్తి, తర్కం జట్లలో అందరికీ ఒకే పాఠం. వేగసాధన మాత్రం ఆడేవారి సత్తాను బట్టి కష్టమవుతూ పోయింది. తేడాకు ఇదీ ఒక కారణం కావచ్చని పరిశోధకుల అంచనా. ఇంట్లో పెద్దవాళ్లకు యాప్ ఎంచేటప్పుడు ప్రకటన కన్నా ముందు చూడాల్సింది, ఆట ఆడేవారి సత్తాను బట్టి మారుతుందా అన్నదే.