మగ్గం గుంటలో కదిలిన కాళ్లు

ఎమ్మిగనూరు చేనేత వీధులు ఎరిగినవారికి గుంట మగ్గం చప్పుడు పరిచయమే. నేత నేసే మనిషి గుంట అంచున కూర్చుంటాడు. చేతులు నాడెను ఆడిస్తుంటే, పాదాలు గుంటలోని తొక్కుడు చెక్కలను ఒకదాని వెంట ఒకటి నొక్కుతుంటాయి. చూసేవారికి ఆయన దినమంతా కూర్చున్నట్లే ఉంటుంది. కాని ఆయన కాళ్లు విశ్రమించలేదు. కూర్చోవడం వేరు, కాళ్లు కదలకపోవడం వేరు. ఈ భేదం వైద్యులకు బోధపడటానికి శతాబ్దాలు పట్టింది.

ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లో వృత్తుల వలన కలిగే వ్యాధులపై గ్రంథం వెలువరించాడు. దర్జీలు, చెప్పులు కుట్టేవారు వంటి కూర్చుని పనిచేసేవారిని గమనించి, సెలవు దినాలలోనైనా శరీరానికి వ్యాయామం కల్పించుకొమ్మని వారికి చెప్పాడు. 1940లో లండన్‌పై బాంబులు కురిసినప్పుడు జనం రాత్రులంతా ఆశ్రయాలలో మడత కుర్చీలపై గడిపారు. ఊపిరితిత్తులలో రక్తపు గడ్డ అడ్డుపడి సంభవించిన మరణాలు అప్పుడు పెరిగాయని కీత్ సింప్సన్ అనే వైద్యుడు గుర్తించాడు. కుర్చీ ముందరి కర్ర తొడల కింద ఒత్తుకోవడం, కాళ్లు కదలకపోవడం వలన సిరలలో రక్తం నిలిచి గడ్డకట్టిందని ఆయన భావించాడు.

గుండె సంగతి 1953లో తేలింది. జెర్రీ మోరిస్ బృందం లండన్ రవాణా సంస్థలోని సుమారు 31,000 మంది ఉద్యోగులను పరిశీలించింది. రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే, కూర్చుని బస్సు నడిపే డ్రైవర్లకు గుండెజబ్బు ఎక్కువ. మన ఆదోని పత్తి మార్కెట్‌లో మూటలెత్తే హమాలీని, దుకాణంలో పద్దులు రాసే గుమాస్తాను పక్కపక్కన ఊహించుకోండి. అయితే మోరిస్ తొందరపడలేదు. డ్రైవర్లకు ఉద్యోగంలో చేరిననాటికే నడుము కొలత ఎక్కువని యూనిఫాం కొలతలను బట్టి 1956లో ఆయనే ప్రకటించాడు. కనుక తేడా అంతా కదలికదే అనలేము. పైగా విశ్రాంతి, తగిన తిండి లేని హమాలీ చాకిరీ వ్యాయామం కాదు. అయినా ఆ తరువాతి దశాబ్దాల పరిశోధనలు మూల విషయాన్ని బలపరచాయి. మోరిస్ స్వయంగా వ్యాయామం మానక 99 ఏళ్లు జీవించాడు.

దీని వెనుక రహస్యం రక్తనాళపు లోపలి పొరలో ఉంది. రక్తం చురుకుగా ప్రవహించి ఆ పొరను ఒరుసుకున్నప్పుడు నైట్రిక్ ఆక్సైడ్ వెలువడి ధమనిని వ్యాకోచింపజేస్తుంది. నాళాలలో ఈ వాయువు పాత్రను కనుగొన్నందుకే 1998లో నోబెల్ బహుమతి లభించింది. కాళ్లు కదలకపోతే ఆ ప్రవాహం మందగిస్తుంది. మూడు గంటలు కదలక కూర్చుంటే మోకాలి వెనుక ధమని వ్యాకోచించే శక్తి తగ్గుతుందని, మధ్యమధ్య పాదం ఆడిస్తే ఆ నష్టం తప్పుతుందని యువకులపై చేసిన ప్రయోగాలు చూపాయి. వయసుతో సహజంగానే బిరుసెక్కే నాళాలున్న వృద్ధులు మరింత జాగ్రత్తగా ఉండాలి కదా!

మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం ఎన్నో ఇళ్లలో మగ్గాన్ని నిలబెట్టింది. నేత అంటే మగ్గం ఒక్కటే కాదు; పడుగును బారుగా చాచి, గంజి పట్టించి, దాని వెంట అటూ ఇటూ తిరగడం కూడా. ఆ పనిలో నడుమునొప్పి, మోకాళ్ల నొప్పి ఉన్న మాట నిజమే. కాని మగ్గం దిగిన పెద్దాయనకు మనం ఇచ్చేది ఏమిటి? ఒక కుర్చీ, ఒక టీవీ, “మీరు కూర్చోండి, మేం తెచ్చిస్తాం” అనే మర్యాద. ప్రేమతోనే ఆయన కాళ్లను కట్టేస్తున్నాం.

కాబట్టి పెద్దలను అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయనివ్వండి. లేవలేనివారు కూర్చున్నచోటే, తొక్కుడు చెక్క నొక్కినట్లు, మడమలు ఎత్తి దించవచ్చు. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, మూడు రోజులు తూలకుండా నిలిచే సాధన ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మన ఎండలకు తెల్లవారుజామే అనువు.

నడిస్తే పిక్క పట్టేసి, నిలిస్తే తగ్గే నొప్పిని వయసు ఖాతాలో వేయకండి. అది కాలి ధమని పూడుతున్నదనడానికి సూచన కావచ్చు. వైద్యుని సలహాతో క్రమంగా నడవడమే దానికి ఒక చికిత్స. పాదంపై మానని పుండు, ఒక కాలికే వాపు ఉంటే ఆలస్యం చేయక చూపించండి. కాలు హఠాత్తుగా చల్లబడినా, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

రేపు ఇంట్లో పెద్దాయన మంచినీళ్లకు తానే లేవబోతే, “కూర్చోండి” అనకండి. దారి మాత్రం సరిచేయండి.