టాటానగర్: ఆర్థిక పరిశోధనకు గణాంక ఆధారాలు

టాటానగర్ అని కూడా పిలిచే జంషెడ్‌పూర్ ఆర్థిక స్థితిగతులను చెప్పే లెక్కల్లో ముందు చూడవలసింది పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీ. కేంద్ర లేబర్ బ్యూరో నెలనెలా విడుదల చేసే ఈ సూచీలోని 88 కేంద్రాల్లో ఈ ఊరూ ఒకటి. గుంటూరు, హైదరాబాద్ కూడా ఉన్నాయి. ఎంపికచేసిన బజార్లలో బియ్యం, పప్పు, వంటనూనె మొదలు క్షవరం దాకా ధరలు రాసుకుంటారు. ఇంటి అద్దె మాత్రం ఆరు నెలలకోసారి. ఆధార సంవత్సరం ఇప్పుడు 2016, అంతకుముందు 2001. రెండు శ్రేణులనూ నేరుగా పక్కపక్కన పెడితే ధరలు కుప్పకూలినట్టు కనిపిస్తుంది. అఖిల భారత సూచీకి అనుసంధాన గుణకం 2.88, కొత్త పరిశోధకులు తరచు మరిచేది ఇదే.

ఇక్కడ ఉక్కు కర్మాగారం నడిపే, 1907లో ఏర్పడిన టాటా స్టీల్ వార్షిక నివేదికలు మరో గని. అయితే అవి కంపెనీ లెక్కలు, ఊరి లెక్కలు కావు.

పాత ప్రభుత్వ పత్రాలు వెతకడం కాస్త చికాకు. కారణం, ఈ ఊరున్న సింగ్‌భూమ్ ప్రాంతం 1912 వరకు బెంగాల్‌లో, 1936 వరకు బిహార్-ఒరిస్సాలో, 2000 వరకు బిహార్‌లో ఉంది. 1919కి ముందు ఊరి పేరు సాక్చీ. ఇక్కడి తెలుగువారి సంఖ్యకు జనగణన మాతృభాష పట్టికలే దిక్కు. వాటిలో ఆదాయాల ఊసుండదు.