హోమరు కావ్యములు, ఆది సంఘము, కోయ డోలి పాట: ఒక చారిత్రక పరిశీలన

హోమరు పేరిట నిలిచిన ఇలియడ్, ఒడిస్సీ అను గ్రీకు కావ్యములకును, ఖమ్మం–భద్రాచలం అడవి అంచున సేవ చేయు కాపరులకును ఏమి సంబంధమని పాఠకులు అడుగవచ్చును. సంబంధము ఒక ప్రశ్నలో ఉన్నది. ఒక జనము తన వీరులను, తన మృతులను జ్ఞాపకముంచుకొన్న పాట ఉన్నది. అందులో దేవతల ప్రస్తావనయు కలదు. ఆ జనములో నుండి ఒకడు క్రీస్తును అంగీకరించినప్పుడు ఆ పాటను ఏమి చేయవలెను? వైరా నుండి తల్లాడ, కొత్తగూడెం మీదుగా భద్రాచలం వెళ్ళు దారికి అటు ఇటు ఉన్న కోయ గూడెములలో ఇది నేటికిని సజీవమైన ప్రశ్న. ఆది సంఘము హోమరు విషయములో ఇదే ప్రశ్నను ఎదుర్కొన్నది. ఆ చరిత్రను ఈ వ్యాసములో క్లుప్తముగా పరిశీలించి, మనకు దానిలోని పాఠమేమో చూతము.

1. నోటి నుండి పుట్టిన కావ్యము

ఇలియడ్ కావ్యము క్రీ.పూ. 8వ శతాబ్దమునకు చెందినదని పండితులలో ఎక్కువమంది అభిప్రాయము. 24 కాండములు, పదునైదు వేలకు పైగా పంక్తులు ఉన్నప్పటికిని అది ట్రాయ్ యుద్ధమంతటిని చెప్పదు. పదేండ్ల యుద్ధములో కొన్ని వారముల కథ మాత్రమే చెప్పును. అకిలీస్ అను వీరుని కోపము దాని వస్తువు. ఆ కోపము మిత్రులనే బలిగొన్నది. చివరకు ట్రాయ్ రాజైన ప్రియాము రాత్రివేళ శత్రువు గుడారమునకు పోయి, తన కుమారుడైన హెక్టరును చంపినవాని చేతులను ముద్దాడి, శవమును అడిగి తెచ్చుకొనును. గ్రీకులు పాడుకొన్న కావ్యము శత్రువైన హెక్టరు అంత్యక్రియలతో ముగియుచున్నది. గెలిచినవారి పాటలో ఓడినవారి దుఃఖమునకు ఇంత చోటు దొరకుట గమనింపదగినది.

ఈ కావ్యములు పుస్తకముగా పుట్టినవి కావని 20వ శతాబ్దములో స్పష్టమైనది. అమెరికా పండితుడు మిల్మన్ పారీ 1933–35 మధ్య యుగోస్లావియా పల్లెలలో వీరగాథలు పాడువారిని రికార్డు చేసినాడు. ఆయన శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ ఆ పనిని 1960లో గ్రంథముగా వెలువరించినాడు. ఆ గాయకులు కథను మాటకు మాట వల్లించుట లేదు. సిద్ధముగా ఉన్న పదబంధములతో పాడిన ప్రతిసారి కథను తిరిగి కట్టుచున్నారు. హోమరులో ఒకే విశేషణము వీరుని వెంట మరల మరల వచ్చుటకు కారణము ఇదే.

2. యుగముతోపాటు మారిన పాత్రలు

పాట నిలిచినను పాత్రలు ఒక్క తీరున నిలువలేదు. హోమరులో ఒడిస్యూస్ ఓర్పు, యుక్తి గల వీరుడు. సోఫోక్లీస్ రచించిన ఫిలోక్టెటిస్ నాటకములో అతడే మోసగాడు. రోమా కవి వర్జిల్ చేతిలో అతడు క్రూరుడు. 14వ శతాబ్దములో క్రైస్తవ కవి దాంతే అతనిని నరకములో అగ్నిజ్వాలలో నిలిపినాడు. క్రీ.పూ. 415లో యూరిపిడీస్ తన ట్రోజన్ స్త్రీలు నాటకములో చెరపట్టబడిన తల్లుల, విధవరాండ్ర పక్షమున కథను చెప్పినాడు. ప్రతి తరము పాత కథను తన మనస్సాక్షితో తూచినదని దీనివలన తెలియుచున్నది.

3. సంఘము హోమరును ఏమి చేసినది?

గ్రీకు బాలురు అక్షరములు నేర్చినది హోమరుతోనే. కాబట్టి క్రైస్తవ తలిదండ్రులకు ఇది ఇంటి సమస్య. లుస్త్రలో జనులు బర్నబాను ద్యుపతియనియు పౌలును హెర్మేయనియు పిలిచి బలి అర్పింపబోయినప్పుడు అపొస్తలులు వస్త్రములు చింపుకొన్నారు (అపొ. 14). అదే పౌలు అరేయొపగులో గ్రీకు కవుల మాటను ఆధారముగా తీసికొన్నాడు (అపొ. 17). బలి విషయములో రాజీ లేదు, మాట విషయములో భయము లేదు.

తరువాతి తండ్రులు ఏకాభిప్రాయముతో లేరు. ఏథెన్సుకు యెరూషలేముతో ఏమి పనియని తెర్తుల్లియను ప్రశ్నించినాడు. తన పాపమునకు ఏడ్వని తాను వర్జిల్ కావ్యములోని దీదో మరణమునకు ఏడ్చితినని అగస్టీను చింతించినాడు. అలెక్సంద్రియవాడైన క్లెమెంతు మరొక దారి తొక్కినాడు. మోహినుల గానమునకు లోబడకుండ ఓడ స్తంభమునకు కట్టబడిన ఒడిస్యూస్‌లో అతడు సిలువ మ్రానును అంటిపెట్టుకొన్న విశ్వాసిని చూచినాడు. 4వ శతాబ్దములో బాసిలు యౌవనులకు చేసిన హితబోధలో తేనెటీగ పూలను ఎంచుకొనునట్లు గ్రీకు సాహిత్యమును ఎంచి చదువుడనినాడు.

క్రీ.శ. 362లో జూలియను చక్రవర్తి క్రైస్తవ ఉపాధ్యాయులు ఆ సాహిత్యమును బోధింపకుండ చేసినాడు. ఆ దేవతలను నమ్మనివారు ఆ కవులను బోధింపరాదని ఆయన వాదము. ఆశ్చర్యమేమనగా నజియంజు గ్రెగొరీ వంటి భక్తులు దీనిని మేలుగా ఎంచలేదు, తీవ్రముగా ఖండించినారు. అపొల్లినారిసు అను తండ్రీకుమారులు బైబిలు కథలను గ్రీకు ఛందస్సులో వ్రాసి హోమరుకు బదులు పెట్టజూచినారు. మరుసటి సంవత్సరమే జూలియను చనిపోయినాడు, క్రైస్తవులు తిరిగి హోమరును చేతపట్టినారు. బదులుగా వ్రాసినవి దాదాపు నిలువలేదు.

నేడు మనకున్న ఇలియడ్ ప్రతులలో ప్రసిద్ధమైనది, వెనీసులో భద్రపరచబడినది, 10వ శతాబ్దపు క్రైస్తవ రాజ్యములో వ్రాయబడినది. హోమరుపై అతి విస్తారమైన వ్యాఖ్యానము వ్రాసిన యూస్తాతియసు 12వ శతాబ్దములో థెస్సలొనీకకు ఆర్చిబిషప్పు. పౌలు పత్రికలందుకొన్న పట్టణపు కాపరియే హోమరు వ్యాఖ్యాతయైనాడు.

4. మన అడవి అంచున

కోయలలో డోలీలు అను గాయక శాఖ కలదు. వారు డోలు వాయించుచు, బొమ్మలున్న పడిగె గుడ్డను చూపుచు, ఒక్కొక్క వంశపు పుట్టుకను, వలసలను, వీరులను పాడుదురు. వేల్పుల కొలుపులలోను కర్మకాండలలోను ఈ పాట వినబడును. మణుగూరు మండలము కూనవరమునకు చెందిన సకిని రామచంద్రయ్య ఈ కళకు 2022లో పద్మశ్రీ పొంది, 2024లో మరణించినారు.

ఈ గాథలలో లోకమెరిగినది సమ్మక్క సారలమ్మలది. ప్రచారములోనున్న కథ ప్రకారము కరువు వలన కప్పము కట్టలేని కోయ దొర పగిడిద్దరాజుపై కాకతీయ సైన్యము వచ్చినది. ఆయన, కుమార్తె సారలమ్మ, అల్లుడు గోవిందరాజు పడిపోయినారు. కుమారుడు జంపన్న పడిన సంపెంగ వాగు జంపన్న వాగైనది. గాయపడిన సమ్మక్క చిలకలగుట్టపై అదృశ్యమైనది. మాఘ పౌర్ణమికి రెండేండ్లకొకసారి జరుగు మేడారం జాతర 1996లో రాష్ట్ర పండుగగా ప్రకటింపబడినది.

ఇచ్చట హోమరుతో పోలికయు భేదమును గమనింతము. ఇలియడ్‌లోను స్కమండరు నది రక్తముతో ఎర్రబారును, ఊరిని కాచినవాడు కూలును. అయితే అది గెలిచినవారి పాట. ఇది ఓడినవారు తమకొరకు తామే పాడుకొన్న పాట. న్యాయాధిపతులు 5లో శత్రువు సీసెరా తల్లి కిటికీలోనుండి చూచుటను, 2 సమూయేలు 1లో పడిపోయిన బలాఢ్యులకై దావీదు విలాపమును భద్రపరచిన లేఖనము మనది. ఇట్టి దుఃఖము మనకు పరాయిది కాదు.

5. ముగింపు

ఒక అభ్యంతరమును దాటవేయరాదు. బాసిలు కాలమునకు ఒలింపు దేవతల ఆరాధన క్షీణించుచున్నది. మేడారములో ఆరాధన సజీవముగా ఉన్నది. కాబట్టి కోయ విశ్వాసి ఎదుర్కొను శోధన బాసిలు శిష్యుల శోధనకంటె పెద్దది. దీనికి 1 కొరింథీయులు 8–10 అధ్యాయములు మార్గము చూపుచున్నవి. విగ్రహపు బల్లయొద్ద పాలుపొందుట వేరు, పొరుగువాని ఇంట భోజనమునకు కూర్చుండుట వేరు. గద్దెయొద్ద మొక్కు చెల్లించుట వేరు, తన తాతముత్తాతల కథ వినుట వేరు.

మరియొక భేదము మన బాధ్యతను పెంచుచున్నది. తెర్తుల్లియను కాదన్నను హోమరు పుస్తకములలో ఉన్నాడు. డోలి పాట ప్రధానముగా పాడువాని నోటిలోను వినువాని చెవిలోను ఉన్నది. గూడెములో వినువారందరు లేచిపోయిన దినమున పాట ఆగును, దానితో ఒక జనము తన పూర్వికుల పేర్లను పోగొట్టుకొనును. ఒక్క కాపరి తొందరపడి చెప్పిన మాట చేయు నష్టమును తరువాతి తరము పూరింపలేదు.

కాబట్టి సేవకులకు, వేదాంత విద్యార్థులకు మేము మూడు మనవులు చేయుచున్నాము. మొదట, నిషేధించుటకు ముందు ఆ పాటను ఆసాంతము విని, అర్థము అడిగి తెలిసికొనుడి. రెండవది, గాయకుల అనుమతితో, మాట మార్చక రికార్డు చేసి, ప్రతిని ఆ గూడెమునకే ఇయ్యుడి. మూడవది, ఆ బాణీలో మన మాటలు కూర్చి అదే చాలునని తలంపకుడి. అపొల్లినారిసుల చరిత్ర మనకు హెచ్చరికగా ఉన్నది. కోయ విశ్వాసులు తామే తమ పాటను లేఖనముతో తూచి, ఏది విడువవలెనో ఏది నిలుపవలెనో నిర్ణయించుకొందురు. వారికి ఆ సమయమును, లేఖన జ్ఞానమును ఇచ్చుట మన పని.