ప్యారిస్ ఐలండ్: మెరైన్ శిక్షణలో జాతి వివక్ష, అధికార దుర్వినియోగం

అమెరికా మెరైన్ దళంలో మామూలు సైనికులుగా చేరేవారికి తొలి శిక్షణ ఇచ్చే కేంద్రాలు రెండు. కాలిఫోర్నియాలోని శాన్ డియాగో ఒకటి, దక్షిణ కరోలినా తీరంలో బ్యూఫోర్ట్ పట్టణానికి చేరువగా ఉన్న ప్యారిస్ ఐలండ్ మరొకటి. సముద్రపు పాయలు, ఉప్పుబురద నేలలు చుట్టుముట్టిన ఈ దీవిలో 1915 నుంచి రిక్రూట్లకు శిక్షణ జరుగుతోంది. శిక్షణ కాలం 13 వారాలు. ఆ 13 వారాలూ రిక్రూట్ నిద్ర, తిండి, స్నానం, ఇంటికి రాసే ఉత్తరం అన్నీ డ్రిల్ ఇన్‌స్ట్రక్టర్ల చేతిలో ఉంటాయి. ‘నేను’ అనే మాట కూడా అతనికి ఉండదు. తన గురించి చెప్పుకోవాలంటే ‘ఈ రిక్రూట్’ అనాలి. ఈ కేంద్రంలో జరిగిన దౌర్జన్యాల గురించి పుస్తకాలు, విచారణ నివేదికలు, కోర్టు రికార్డులు చాలానే ఉన్నాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం జాతి వివక్షను ఒక అధ్యాయంగానూ, అధికార దుర్వినియోగాన్ని మరో అధ్యాయంగానూ విడదీసి చూస్తాయి. లభ్యమైన ఆధారాలను వరసగా పెట్టి చూస్తే ఈ విభజన నిలవదు. జవాబుదారీ లేని అధికారం ఎవరో ఒకరిని వెతుక్కుంటుంది. ఎవరిని వెతుక్కోవాలో ఆ కాలపు సమాజంలో ఉన్న ద్వేషమే చూపిస్తుంది.

జాతి వివక్ష ఈ దళంలో మొదట విధానంగానే ఉండేది, వ్యక్తుల దురలవాటుగా కాదు. 1798 నాటి నియామక నిబంధనలు నల్లజాతివారిని చేర్చుకోవడాన్ని నిషేధించాయి. ఆ నిషేధం సుమారు ఒకటిన్నర శతాబ్దం నడిచింది. 1941 జూన్ 25న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ జారీచేసిన 8802వ ఉత్తర్వు తర్వాత గానీ తలుపు తెరుచుకోలేదు. అప్పటి దళాధిపతి థామస్ హోల్‌కోంబ్ దీన్ని బాహాటంగానే వ్యతిరేకించాడు. 5,000 మంది తెల్లవారి దళమా, 2,50,000 మంది నల్లవారి దళమా అని ఎంచుకోవలసి వస్తే మొదటిదే తీసుకుంటానని నౌకాదళ జనరల్ బోర్డు ముందు చెప్పినట్లు రికార్డయింది. కొన్ని రచనలు ఈ మాటకు 1941 తేదీ ఇస్తున్నా, 1942 జనవరి విచారణకు చెందినదన్న అభిప్రాయమే ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తుంది. నల్లజాతివారి నియామకం 1942 జూన్ 1న మొదలైంది. మొదటి నల్ల మెరైన్ ఎవరన్న విషయంలోనూ భేదాభిప్రాయం ఉంది. ముందుగా సంతకం చేసిన ఆల్‌ఫ్రెడ్ మాస్టర్స్‌ను కొందరు చెబితే, ఆగస్టు 26న శిబిరానికి ముందుగా చేరిన హోవర్డ్ పెర్రీని మరికొందరు చెబుతారు.

వారిని ప్యారిస్ ఐలండ్‌కు రానివ్వలేదు. ఉత్తర కరోలినాలోని జాక్సన్‌విల్ దగ్గర మాంట్‌ఫర్డ్ పాయింట్ అనే విడి శిబిరం కట్టారు. 1942 నుంచి 1949 వరకు అక్కడ దాదాపు 20,000 మంది శిక్షణ పొందారని సాధారణంగా చెబుతారు. రెండో ప్రపంచ యుద్ధకాలపు లెక్కగా కనిపించే 19,168 సంఖ్య దీనికి దగ్గరగానే ఉంది. మొదట్లో డ్రిల్ ఇన్‌స్ట్రక్టర్లందరూ తెల్లవారే. 1943లో ఆ బాధ్యత క్రమంగా నల్లజాతి ఇన్‌స్ట్రక్టర్లకు, ముఖ్యంగా గిల్బర్ట్ జాన్సన్, ఎడ్గర్ హఫ్ వంటివారికి దక్కింది. వీరు మెత్తని మనుషులేమీ కాదు. జాన్సన్ కాఠిన్యాన్ని అతని దగ్గర శిక్షణ పొందినవారు జీవితాంతం చెప్పుకున్నారు. తమవాళ్లు ఒక్క అడుగు తడబడినా జాతి మొత్తానికి అంటగడతారన్న ఎరుకతో అతను బిగింపు పెంచాడని వ్యాఖ్యాతలు రాశారు. అదే మాంట్‌ఫర్డ్ పాయింట్ మెరైన్లు 1944 జూన్‌లో సైపాన్‌లో, తర్వాత పెలెలియులో, ఇవో జీమాలో నిలబడ్డారు. సైపాన్ తర్వాత కొత్త దళాధిపతి వాండెగ్రిఫ్ట్, నల్ల మెరైన్లు ఇక పరీక్షలో లేరని ప్రకటించాడు. ఈ ఉదంతాన్ని కాస్త నిలిచి చూడాలి. ఎందుకంటే కఠిన శిక్షణ వేరు, అవమానించే శిక్షణ వేరు అన్న తేడా ఇక్కడ రుజువుతో సహా దొరుకుతుంది. జాన్సన్ రిక్రూట్ నుంచి ఎక్కువ ఆశించాడు; ఆ రిక్రూట్ మెరైన్ కాగలడన్న నమ్మకం ఆ ఆశలోనే ఉంది. హోల్‌కోంబ్ విధానంలో లేనిది సరిగ్గా ఆ నమ్మకమే.

1948 జూలై 26న ట్రూమన్ ఇచ్చిన 9981వ ఉత్తర్వుతో సైన్యంలో వేర్పాటు ముగియాలన్న నిర్ణయం జరిగింది. 1949లో మాంట్‌ఫర్డ్ పాయింట్ మూతపడింది. అప్పటి నుంచి అన్ని జాతుల రిక్రూట్లూ ఒకే ప్లటూన్‌లో, ఒకే డ్రిల్ ఇన్‌స్ట్రక్టర్ కింద ఉన్నారు. విధానం రూపంలో ఉన్న వివక్ష పోయింది. దాన్ని మోయగలిగిన అధికార నిర్మాణం మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ నిర్మాణం ఎంత ప్రమాదకరమో 1956 ఏప్రిల్ 8 రాత్రి దేశమంతా చూసింది. 71వ ప్లటూన్ ఇన్‌స్ట్రక్టర్ స్టాఫ్ సార్జెంట్ మాథ్యూ మెక్‌కియన్ తన రిక్రూట్లకు క్రమశిక్షణ తగ్గిందని భావించి, రాత్రిపూట వారిని రిబ్బన్ క్రీక్ అనే ఆటుపోట్ల పాయలోకి నడిపించాడు. నీళ్లలో దిగినవారు 75 మందికి అటూ ఇటూగా ఉంటారు. లోతు తెలియని చోట కాళ్లు ఆనక ఆరుగురు మునిగిపోయారు. ఆ రోజు అతను మద్యం తాగిన విషయం విచారణలో ముఖ్యాంశమైంది. కోర్టు మార్షల్ అతన్ని నిర్లక్ష్యంతో మరణాలకు కారకుడైనందుకు, బ్యారక్‌లో తాగినందుకు దోషిగా తేల్చింది గానీ, రిక్రూట్లను పీడించాడన్న అభియోగం నుంచి విముక్తుణ్ని చేసింది. 9 నెలల కఠిన శిక్షను నౌకాదళ మంత్రి 3 నెలలకు తగ్గించి, దళం నుంచి గెంటివేతను రద్దుచేశాడు. ఇక్కడ జాతి ప్రసక్తి లేదు. అయినా ఈ వ్యాసానికి ఇది కేంద్రమే. ఒక్క మనిషి మాట మీద అంతమంది చీకట్లో నీళ్లలోకి దిగారు. ఆ మాటను ఆ క్షణంలో ప్రశ్నించగల పద్ధతి దీవిలో ఎక్కడా లేదు. తర్వాత ఇన్‌స్ట్రక్టర్ల సంఖ్య పెంచారు, శిక్షణ మీద ప్రత్యేక పర్యవేక్షణ విభాగం ఏర్పరిచారు, చేయి చేసుకోవడాన్ని నిషేధించే నిబంధనలకు పదును పెట్టారు.

20 ఏళ్లు తిరగకముందే శాన్ డియాగోలో లిన్ మెక్‌క్లూర్ ఉదంతం వచ్చింది. టెక్సస్‌కు చెందిన ఈ యువకుడు శిక్షణలో వెనకబడినవాడు. 1975 డిసెంబరు 6న కర్రపోరు సాధనలో, లొంగిపోతున్నానని చెప్పినా ఆపకుండా తోటి రిక్రూట్ల చేత కొట్టించారు. స్పృహ తిరిగి రాకుండానే 1976 మార్చి 13న మరణించాడు. కాంగ్రెస్ విచారణలు జరిగాయి, అధికారుల పర్యవేక్షణ మళ్లీ పెరిగింది. బలహీనుడన్న ముద్రే ఇక్కడ ఎంపికకు కారణం.

2001 తర్వాత అమెరికా సమాజంలో ముస్లింల పట్ల పెరిగిన అనుమానం ఈ ఎంపికకు కొత్త గుర్తు ఇచ్చింది. 2015 జూలైలో ఒక రాత్రి ప్యారిస్ ఐలండ్ మూడో బెటాలియన్‌లో గన్నరీ సార్జెంట్ జోసెఫ్ ఫెలిక్స్, మరో ఇన్‌స్ట్రక్టర్ కలిసి ఒక ముస్లిం రిక్రూట్‌ను నిద్ర లేపారు. అలసిపోయేదాకా కసరత్తు చేయించి, బట్టలు ఆరబెట్టే యంత్రంలోకి దూరమన్నారు. తలుపు మూసి యంత్రం తిప్పారు. ఆపి, ఇంకా ముస్లింవేనా అని అడిగారు. అవునన్నాడు, మళ్లీ తిప్పారు. చివరకు ప్రాణభయంతో కాదన్నాక గానీ బయటికి రానివ్వలేదని అతను కోర్టు మార్షల్‌లో సాక్ష్యమిచ్చాడు. ఇరాకీ కుర్దు నేపథ్యం ఉన్న మరో రిక్రూట్‌ను కూడా అదే యంత్రంలోకి ఎక్కించారన్న సాక్ష్యం వచ్చింది. ముస్లిం రిక్రూట్లను ఫెలిక్స్ ఉగ్రవాది, ఐసిస్ అని పిలిచేవాడని కూడా విచారణలో తేలింది. డ్రయ్యర్ సంఘటన మీద విచారణ ఇంకా నడుస్తుండగానే అతన్ని కొత్త ప్లటూన్‌కు పంపారు.

ఆ ప్లటూన్‌లోకి 2016 మార్చి 7న మిషిగన్ రాష్ట్రం టేలర్ పట్టణం నుంచి రహీల్ సిద్దిఖీ వచ్చాడు. పాకిస్తానీ మూలాలున్న 20 ఏళ్ల ముస్లిం యువకుడు, బడిలో ప్రథముడుగా నిలిచిన విద్యార్థి. చేరిన వారంలోపే ఆత్మహత్య ఆలోచన బయటపెట్టాడనీ, తనను కొట్టారని చెప్పాడనీ, ఆత్మహత్య ఆలోచన విరమించుకున్నానన్నాక తిరిగి శిక్షణకు పంపారనీ దర్యాప్తు నివేదికలు సూచిస్తున్నాయి. కొట్టారన్న ఫిర్యాదును ఎవరూ పట్టించుకోలేదు. మార్చి 18న గొంతు వాచి మాట రావడం లేదని, వైద్యుడి దగ్గరికి పంపమని కాగితం మీద రాసి ఇచ్చాడు. గట్టిగా అరిచి అడగాలన్నది అక్కడి నియమం. అరవడానికే అతనికి గొంతు లేదు. ఫెలిక్స్ అతన్ని బ్యారక్ ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తించాడు. కుప్పకూలి ఏడుస్తున్నవాణ్ని చెంపల మీద కొట్టాడు. సిద్దిఖీ లేచి తలుపు దాటి, మూడో అంతస్తు మెట్ల దగ్గరి రెయిలింగ్ మీదుగా కిందపడ్డాడు. స్థానిక కరోనర్ దీన్ని ఆత్మహత్యగా నమోదు చేశాడు. కుటుంబం దాన్ని ఒప్పుకోలేదు. పడే ముందు అతని మనసులో ఏముందో ఏ నివేదికా తేల్చలేదు గనుక, కిందపడటానికి దారితీసిన పరిస్థితిని దెబ్బలే సృష్టించాయన్నంత వరకే చెప్పడం సరైనది.

2017 నవంబరులో క్యాంప్ లెజూన్‌లో జరిగిన కోర్టు మార్షల్ ఫెలిక్స్‌ను పన్నెండు మందికి పైగా రిక్రూట్లను హింసించినందుకు దోషిగా తేల్చి, 10 ఏళ్ల జైలు, హోదా తగ్గింపు, అగౌరవంగా తొలగింపు విధించింది. సిద్దిఖీ మరణానికి కారకుడన్న అభియోగం మాత్రం పెట్టలేదు. బెటాలియన్ కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ జాషువా కిసూన్‌ను 2016లోనే పదవి నుంచి తప్పించారు. 2018లో అతను నేరం ఒప్పుకున్నాడు. దర్యాప్తులో మొత్తం 20 మంది సిబ్బంది పేర్లు చర్యల కోసం పరిశీలనకు వచ్చాయి. ఆ బెటాలియన్‌కు దెబ్బల బెటాలియన్ అన్న పేరు అంతకుముందే ఉంది.

ఫెలిక్స్ అందరినీ కొట్టాడు, ముస్లింలు కాని రిక్రూట్లూ దెబ్బలు తిన్నవారిలో ఉన్నారు, కాబట్టి ఇది మత ద్వేషం కాదని ఒక వాదన. మొదటి సగం నిజం. కానీ అందరికీ తగిలింది దెబ్బ. ముస్లిం రిక్రూట్‌కు దెబ్బతో పాటు అతను ఎవరన్న ప్రశ్న కూడా తగిలింది, దానికి సమాధానం మార్చుకోవాలన్న ఒత్తిడీ తగిలింది. విచ్చలవిడి అధికారం లేకపోతే ఆ ద్వేషానికి యంత్రం తిప్పే ధైర్యం ఉండేది కాదు; ద్వేషం లేకపోతే ఆ అధికారం ఆ ప్రశ్న అడిగేది కాదు. ఏటా వేల మంది శిక్షణ పొందే చోట ఇలాంటివి అరుదు అన్నది రెండో వాదన. అరుదుగా బయటపడటం వేరు. 1956లో, 1976లో, 2016లో లోకానికి తెలిసింది ప్రాణాలు పోయాకే. డ్రయ్యర్ సంఘటన మీద విచారణ ముందే మొదలైనా, గట్టి చర్య వచ్చింది మరో రిక్రూట్ చనిపోయాకే. బాధితుడే ఏకైక సాక్షి, అతని ఉత్తీర్ణత నిందితుడి చేతిలో, పక్కన ఉన్న ఇన్‌స్ట్రక్టర్‌కు తోటివాణ్ని కాపాడుకోవడం మర్యాద: ఈ మూడూ కలిసిన చోట ఫిర్యాదుల లెక్కను నేరాల లెక్కగా తీసుకోలేం.

అన్నిటికన్నా బరువైన వాదన మూడోది. యుద్ధంలో బతకాలంటే మనిషిలోని ‘నేను’ను ముందు కరిగించాలి, దానికి కొంత క్రూరత తప్పదు అంటారు. యుద్ధం చూసిన చాలామంది దీన్ని మనస్ఫూర్తిగా నమ్ముతారు గనుక తేలిగ్గా తీసేయరాదు. కానీ దళం సొంత నిబంధనలే ఇన్‌స్ట్రక్టర్ చేయి చేసుకోవడాన్ని నేరమంటాయి. పైగా ఏకరూపత పేరుతో చెప్పేది ఆచరణలో అంత ఏకరూపంగా లేదని కోర్టులోనే బయటపడింది. గడ్డం, తలపాగాతో శిక్షణ పొందాలనుకున్న సిక్కు యువకుల కేసులో 2022 డిసెంబరు 23న వాషింగ్టన్ డీసీ అప్పీలు కోర్టు, చర్మవ్యాధి ఉన్నవారికి గడ్డం విషయంలో, మహిళలకు జుట్టు విషయంలో, పచ్చబొట్ల విషయంలో సడలింపులు ఇస్తూ వీరికి మాత్రం నిరాకరించడం చెల్లదని దళానికి వ్యతిరేకంగా మధ్యంతర ఆదేశమిచ్చింది. ‘నేను’ను కరిగించడమన్నది అందరికీ ఒకే కొలతలో జరగనప్పుడు, ఎవరి ‘నేను’ ఎక్కువ కరగాలన్నది ఎవరు నిర్ణయిస్తున్నారన్న ప్రశ్న మిగులుతుంది.

2016 తర్వాత ప్యారిస్ ఐలండ్‌లో అధికారుల సంఖ్య పెంచారు. దౌర్జన్యం ఆరోపణపై విచారణ ఎదుర్కొంటున్నవారిని వెంటనే శిక్షణ విధుల నుంచి తప్పించాలన్న నియమం తెచ్చారు. ఫిర్యాదును నొక్కేస్తాయని పైన చెప్పిన మూడు పరిస్థితుల్లో ఒకదాన్ని, అంటే బాధితుడి ఉత్తీర్ణత నిందితుడి చేతిలో ఉండటాన్ని, నిజంగా తాకినది ఈ నియమమే. 1956 సంస్కరణల్లో ఇలాంటిది కనిపించదు. నష్టపరిహారం మాత్రం వేరే కథ. సిద్దిఖీ కుటుంబం 10 కోట్ల డాలర్లకు వేసిన దావాను ఫెడరల్ కోర్టు 2018లో కొట్టివేసింది. విధుల్లో కలిగిన హానికి సైనికులు ప్రభుత్వంపై దావా వేయలేరన్న 1950 నాటి ఫెరెస్ తీర్పు అందుకు ఆధారం. ఆ తీర్పు పరిధిని కాంగ్రెస్ 2019 చివర్లో కొంత సడలించి, సైనిక వైద్యుల నిర్లక్ష్యంపై క్లెయిములకు దారి తెరిచింది. శిక్షణలో కొట్టిన దెబ్బలు ఆ సడలింపులోకి రావు.