తునికాకు నీడలో ఉబ్బసము

జగిత్యాలకు సమీపమందలి గొల్లపల్లి మొదలు కోరుట్ల, సిరిసిల్లల వఱకు గల మెట్టసీమలో, చేతిమగ్గము చితికి, చెఱువు నిండని యేట పైరు చేతికి రాక, పురుషులు భీవండికిని, బొంబాయికిని, తరువాత గల్ఫు దేశములకును వలసపోగా, ఇంట మిగిలిన స్త్రీకి కూడు పెట్టినది బీడీలు చుట్టు తునికాకు. 1966లో బీడీ కార్మికుల చట్టము కార్ఖానాలకు గాలి, వెలుతురు, పనివేళల నియమములను విధింపగా, దేశమున బీడీ యజమానులనేకులు ఆ నియమములను పాటించుటకు మాఱుగా పనినే గుత్తదారుల ద్వారమున ఇండ్లకు తరలించిరి. గాలి వెలుతురుల నియమము మాత్రము కార్ఖానా గడప దాటి రాలేదు.

చాటలో తంబాకు పోసికొని, నానిన యాకును కత్తెరతో కొలతకు కత్తిరించి, చిటికెడు పొడి నించి, చుట్టి, కొన మడిచి, దారము కట్టు చేయి, వేయి బీడీలకింత యను కూలికై, దీపాలవేళ దాటినను ఆగదు. అదే గదిలో కట్టెలపొయ్యి. మిగిలిన తంబాకు రాత్రి మంచము క్రిందనే. ఇట్టి యింట నలుబదేండ్లకే దమ్ము పట్టినచో, వంశదోషమనియో, చలిగాలి చేటనియో సరిపుచ్చుకొనుట వాడుక.

ఇటలీ వైద్యుడు రమజ్జీని 1700లోనే వృత్తిరోగములపై గ్రంథము రచించి, రోగిని నీ వృత్తి యేమని అడుగవలెనని తోడి వైద్యులకు బోధించెను. మన పరిశోధన ఆ త్రోవకు ఆలస్యముగా వచ్చినది. భారత వైద్య పరిశోధన మండలి పక్షమున 12 కేంద్రములలో 1,69,575 మందిని విచారించి 2012లో ప్రకటించిన సర్వేలో, 15 ఏండ్లు నిండినవారిలో నూటికి 2.05 మందికి ఉబ్బసమున్నదనియు, పొగ గ్రక్కు వంటచెఱకు దానికి తోడగుచున్నదనియు తేలెను. 2019 అంచనాల ప్రకారము ప్రపంచపు ఉబ్బసభారమున మన దేశపు పాలు నూటికి 13. ఆ రోగముచే కలుగు మరణములలోనో, 42. పీల్చు స్టెరాయిడు మందు 1972 నుండి లోకమున వాడుకలో నున్నను, దానిని నెలనెల కొనలేమియే ఈ యంతరమునకు ముఖ్యకారణమని నా తలంపు. మృగశిర కార్తెనాడు హైదరాబాదున బత్తిని కుటుంబమువారు కొఱ్ఱమీను నోట పెట్టి యిచ్చు ఉబ్బసపు మందుకై పోవువారిని పరిహసించు విద్యావంతులు, ఆ మందునకు వెల లేదను సంగతిని మఱచుచున్నారు.

తెలంగాణ ప్రభుత్వము భవిష్యనిధి సంఖ్యను ఆధారముగా గొని బీడీ కార్మికురాండ్రకు పింఛను నొసగుచున్నది. వారి పేర్ల పట్టికలు సిద్ధముగానే యున్నవి గనుక, వైద్యపరిశోధకులు వానిని చేతబట్టి ఆ యిండ్లకే పోయి, ఆ తల్లుల ఊపిరి బలమును కొలిచి, తేలినదానిని మొదట వారికే తెలియజెప్పవలెను.